నల్లచేమకు వైద్యం

యలమంద మందు ట్యాంకు వీపున తగిలించుకుని పెరట్లోకి రాగానే, అతని భార్య నాగజ్యోతి కుండీకి అడ్డంగా నిలబడింది.

“తప్పుకోవే. నీ చేమాకులన్నీ నల్లబడిపోయాయి. చూడలేక ఒకాకు కోసుకెళ్లి పురుగుమందుల కొట్లో చూపించా.”

“ఏమన్నాడు మీ డాక్టరు?”

“కుళ్లు తెగులంట. బాగా ముదిరిందంట. ఈ రెండు మందులూ కలిపి కొడితే పచ్చబడుద్దన్నాడు.”

“అబ్బో, ఆకు చూడగానే పట్టేశాడే!” నాగజ్యోతి తడిగుడ్డతో ఆకు తుడుస్తూ నవ్వింది. “దీని రంగే నలుపండీ. అక్క వాళ్లింటి నుంచి దుంప తెచ్చి, నీడన పెట్టి, తడి ఆరకుండా చూసుకుంటున్నా. అదిగో, కొత్తాకు కూడా నల్లగానే విచ్చుకుంటోంది.”

యలమంద వంగి చూశాడు. కొత్తాకు నిగనిగలాడుతోంది. వెతికినా మచ్చ లేదు.

“మరి ఆయన కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాడే!”

“చూడకేం? నిరుడు మన పత్తాకునీ అట్టాగే చూశాడుగా. పత్తి ఎంత పచ్చగా పండిందో ఊరంతా చూసింది.”

యలమంద మెల్లగా ట్యాంకు దించాడు.

“నిన్న మిరపాకు కూడా చూపించానే. దానికీ ఇవే రెండు మందులిచ్చాడు. పొద్దున చేనంతా కొట్టొచ్చా.”