ఆరు చేతులు

ఆకుపచ్చ తెర చీలికలోంచి మొదటి చెయ్యి బయటికి వచ్చింది.

వేళ్ళకు రబ్బరు గ్లౌజు. పైన ఆపరేషన్ గౌను. మధ్యలో రెండంగుళాల మణికట్టు మాత్రం కనబడుతోంది.

"నంబర్ వన్. మగమనిషి. అందుకని కుడి చెయ్యి. అంతా మీ పద్ధతే, వైద్య శిఖామణిగారూ!" తెర వెనకనుంచి డాక్టర్ గురుమూర్తి గొంతు వినిపించింది.

హాల్లో నలభై మంది విద్యార్థులు నవ్వారు.

సర్జాపుర రోడ్డు మీద ఉన్న ఆ మెడికల్ కాలేజీలో బుధవారం క్లాసు మొదలై ఎనిమిది నెలలైంది. ఇంగ్లీషు వైద్యం చదివే పిల్లలకు ఆయుర్వేదం, యోగా, నాటువైద్యం కలిపి నేర్పే క్లాసు. ప్రిన్సిపాల్ పద్మనాభం పట్టుబట్టి పెట్టించాడు. నాడి చూడ్డం నేర్పడానికి నగర్తపేట నుంచి మునినారాయణప్పను పిలిపించాడు. అక్కడ ఆయన నలభై ఐదేళ్ళుగా మూలికల కొట్టు నడుపుతున్నాడు.

గురుమూర్తి జనరల్ మెడిసిన్ హెడ్. ఆ క్లాసంటే ఆయనకు ఒళ్ళుమంట.

"ఆరుగురిని నేను తెస్తాను. ముఖం చూసి ఊహించడానికి లేదు, చెయ్యి మాత్రమే. నాలుగు సరిగ్గా చెబితే వచ్చే ఏడాది మార్కులున్న సబ్జెక్టు చేద్దాం. లేకపోతే ఆ ముసలాయన మళ్ళీ మన గేటు దాటి రాకూడదు" అన్నాడు.

పద్మనాభం ఒప్పుకున్నాడు.

మునినారాయణప్పకు డెబ్భై మూడేళ్ళు. ఇంట్లో ఎవరికీ ఈ విద్య పట్టలేదు. నలభై మందిలో మనసు పెట్టి నేర్చుకుంటున్నది ఒక్క హరిణే. ప్రతి శనివారం రెండు బస్సులు మారి కొట్టుకు వస్తుంది. వచ్చినవాళ్ళ చేతులు పట్టుకుని కూర్చుంటుంది. క్లాసు పోతే ఆ పిల్ల కూడా పోతుంది. ఆయన భయమంతా అదే.

ఆయన మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి హరిణి పక్కనే నిలబడింది. మునినారాయణప్ప కళ్ళు మూసుకున్నాడు. మూడు వేళ్ళు మణికట్టు మీద ఆనించాడు.

"నాలుగు దెబ్బలు కొట్టి ఒకటి మింగతా ఉండాది. గుండె అలిసిపోయిండాది తల్లీ. నెల దాటనీగూడదు."

హరిణి ఇంగ్లీషులో చెప్పింది. కొందరు రాసుకున్నారు.

"నంబర్ టూ. మగమనిషి."

చాలాసేపు పట్టుకున్నాడు. "ఇదీ గుండే తల్లీ."

మూడో చేతికీ అదే మాట. వెనక బెంచీల్లో కిసకిసలు మొదలయ్యాయి.

"నంబర్ ఫోర్. ఆడమనిషి. ఎడమ చెయ్యి."

మునినారాయణప్ప నీళ్ళడిగాడు. వేళ్ళు కడుక్కున్నాడు. పైపంచెతో తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాడు. నుదుట చెమట పోసింది.

"గుండె" అన్నాడు.

హరిణి ఈసారి మెల్లగా చెప్పింది.

ఐదో చెయ్యి వచ్చింది. ఆయన నోరు తెరవకముందే స్టాన్లీ అనేవాడు లేచి "హార్ట్!" అని అరిచాడు. హాలంతా ఒక్కసారి "హార్ట్!" అంది. పద్మనాభం తల వంచుకున్నాడు.

ఆరోది ఆడమనిషి చెయ్యి. వేళ్ళు గట్టిగా ముడుచుకుని ఉన్నాయి. మునినారాయణప్ప దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"భయపడాకు తల్లీ. ముందే తెలిసినాది గదా, బతుకుతావు. ఈ పొద్దే పెద్దాసుపత్రికి పో."

చెయ్యి చటుక్కున లోపలికి పోయింది. ఆ మాటలు హరిణి ఇంగ్లీషులో చెప్పకుండా పక్కకు జరిగింది.

గురుమూర్తి తెర పక్కకు తోసి బయటికి వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చేతిలో ఆరు ఫైళ్ళు.

"ఆరుగురినీ వెనక తలుపు నుంచి పంపించేశాను. పేర్లు చెప్పకూడదు. ఒకరికి షుగర్. ఒకరికి కామెర్లు. ఒకరికి థైరాయిడ్. ఒకరికి ఉబ్బసం. ఒకరికి రక్తం తక్కువ. ఆరో మనిషికి ఏ జబ్బూ లేదు. పొద్దున ఈసీజీలు కూడా తీయించాను. ఆరూ నార్మల్."

"సార్, తాత దగ్గర ఒకటే క్యాసెట్ ఉంది సార్! అదీ అరిగిపోయింది!" అన్నాడు స్టాన్లీ.

నవ్వులు ఆగాక పద్మనాభం లేచాడు. "పెద్దాయనా, వచ్చే బుధవారం నుంచి మీరు రావద్దు."

మునినారాయణప్ప చేతులు జోడించాడు. "రాను సామీ. ఆ ఆరుమందినీ మాత్రం ఇంగొక్కసారి చూపించండి. నాది తప్పైతే అందురూ నవ్వుకోండి. నిజమైతే ప్రాణం పోతాదప్పా."

"మీరు ముందు బస్సు చూసుకోండి" అన్నాడు గురుమూర్తి.

ముసలాయన తన మూడు వేళ్ళు కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు. ఎవరివో వేళ్ళు చూసినట్టు చూశాడు.

"చచ్చినట్టుండాయి ఇవి" అన్నాడు హరిణితో. "ఇంగ ఎవురి చెయ్యీ పట్టను. నాకు తెలిసింది నోటితో చెప్తాను. శనివారం వస్తావా తల్లీ?"

"ఎగ్జామ్స్ ఉన్నాయి తాతా."

పరీక్షలు జూన్‌లో. ఇది ఫిబ్రవరి. ఆ సంగతి ఇదివరకే ఆ పిల్లే ఆయనకు చెప్పింది.

ఆయన తలూపాడు. చెప్పులు వెతుక్కుంటుంటే హరిణి ఆయన్ని దాటి వెళ్ళిపోయింది. నాడి గురించి ఎనిమిది నెలలుగా రాసుకున్న నోటుబుక్కును గుమ్మం దగ్గరి చెత్తడబ్బాలో వేసి, స్నేహితురాళ్ళతో కలిసిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక గురుమూర్తి తెర వెనక కుర్చీలో కూలబడి, ఒక చేత్తో ఇంకో చేతి నాడి పట్టుకున్నాడు. ఆ పూట తెరలోంచి బయటికి వచ్చినవి ఆ రెండు చేతులే.