పిడి పట్టిచ్చిన చెయ్యి

భీమిలిలో ఏ వంటింట్లో చూసినా ఇప్పుడు కత్తులకు ప్రయోగశాలలో పెంచిన పిడులే. చెక్కా కాదు, ప్లాస్టిక్కూ కాదు. పట్టుకున్న చేతిని గుర్తుపెట్టుకుని దానికి తగ్గట్టు ఒదిగే పదార్థం. కొత్త రకం పిడి ఎన్నాళ్లు మన్నుతుందో ఇంట్లో వాడి చూడటం నూకరత్నం ఉద్యోగం. షరతు ఒక్కటే, వేరే చెయ్యి తగలకూడదు. తగిలితే పిడి బీటలు వారుతుందని కంపెనీ భయం. మాట తప్పినవాళ్లకు మళ్లీ కత్తి ఇవ్వరు.

ఏడాది తిరిగాక కంపెనీ నుంచి సుభాషిణి వచ్చింది. పిడిని తడుముతూ ఒకచోట ఆగిపోయింది.

"ఇందులో రెండో చెయ్యి ఉందమ్మా. ఎడం చెయ్యి."

నూకరత్నం గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆ ఇంట్లో ఎడంచేతివాటం మొగుడు కనకరాజు ఒక్కడిదే. ఆయన కిటికీలోంచి సముద్రాన్ని శ్రద్ధగా చూస్తున్నాడు.

"దీంతో ఏటి కోసేరండీ?" అనడిగింది నూకరత్నం.

"మామిడికాయ," అన్నాడు సముద్రానికి చెప్పినట్టు. "నువ్వు బజారుకెళ్లినప్పుడల్లా. ఉప్పూ కారం అద్దుకుని."

బీపీ అని డాక్టరు ఉప్పు మాన్పించిన మనిషి. మామిడి చూస్తే, ఇప్పుడు ఏడాది పొడుగునా కాస్తోంది.

సుభాషిణి నవ్వాపుకుంటూ పిడిని వంచి చూసింది. "ఇద్దరి చేతులు పడినా చిన్న బీట కూడా లేదు. ఇంత గట్టిదని మాకే తెలీదు. ఇంకో ఏడాది వాడండి, ఇద్దరూ."

ఆవిడ వెళ్లాక నూకరత్నం ఒక మామిడికాయ, కత్తి తెచ్చి మొగుడి ఎడంపక్కన పెట్టింది.

"కొయ్యండి. నాకూ రెండు ముక్కలు."

కారం డబ్బా కూడా తెచ్చిచ్చింది. ఉప్పు జాడీని మాత్రం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.