బావిలో తాళంచెవి

కమ్యూనిటీ హాలు తాళంచెవిని నేనే బావిలో పడేశాను. నీళ్లు తోడుతుంటే జారిపోయిందని అందరికీ చెప్పాను.

పెళ్లయినా, మెడికల్ క్యాంపయినా, తుఫాను హెచ్చరికయినా మా పేటంతా నా గుమ్మంలోనే నిలబడుతుంది. హాలు తెరవాలి, ఊడవాలి, మళ్లీ తాళం వేసేదాకా కనిపెట్టుకుని ఉండాలి. నరసాపురం రేవు దాటితే మా పుట్టిల్లు. పదేళ్లుగా అక్కడ రెండు రోజులు వరసగా ఉన్నది లేదు.

నేను కాపురానికొచ్చిన వారానికే మా అత్తయ్య మహాలక్ష్మమ్మ ఆ తాళంచెవి నా కొంగున కట్టింది. ముప్పై ఏళ్లు ఆ పని నవ్వుతూ చేసిన మనిషని ఆవిణ్ణి ఇప్పటికీ పొగుడుతారు.

"కంగారుపడకండి వదినా," అంటూ సంఘం ప్రెసిడెంటు యుగంధర్ పాత మైకులోని అయస్కాంతానికి నైలాన్ తాడు కట్టి బావిలోకి వదిలాడు.

రెండోసారి లాగేసరికి నా తాళంచెవి దానికి అతుక్కుని పైకొచ్చింది. పక్కనే తుప్పుపట్టినవి ఇంకో మూడు.

"ఇవెక్కడివండి?" అన్నాడు యుగంధర్.

బావిగట్టు దగ్గరే నిలబడ్డ అత్తయ్య ముందుకొచ్చింది. నా తాళంచెవిని తన కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"నాకయితే ప్రతిసారీ కొత్తది చేయించి ఇచ్చేవాళ్లమ్మా," అంది, నాకు మాత్రమే వినబడేలా.