సెగూబు రాయి

“ఏయ్ పెద్దాయనా, లే! ఆ రాయి మీద ఎవరూ కూర్చోకూడదు.”

మాకీరు అరుపుకి ముసలాయన ఉలిక్కిపడి లేచాడు.

బాషాను కొండల్లో ఉన్ని కత్తిరింపుల పండగ. ఆ రోజు దారిన పోయేవాడికైనా కడుపు నింపి పంపాల్సిందే.

“మెల్లగా చెప్పలేవట్రా?” హొగ్లా కొడుకుని కసిరింది. “ఏమనుకోకయ్యా, అది నా తమ్ముడు సెగూబు చోటు.”

“ఎక్కడున్నాడు తల్లీ?”

“చిన్నప్పుడే అష్షూరు సైన్యం పట్టుకుపోయింది. ఏటా ఈ రోజు రాయి కడిగి ఉంచుతాను. వస్తాడు.”

ముసలాయన పచ్చిక బయలు వైపు చూశాడు.

“అప్పట్లో గడ్డి ఇంకా ఎత్తుగా ఉండేదేమో.”

“అబ్బో! మేమిద్దరం అందులో దాక్కుంటే నాన్న పిలిచి పిలిచి విసిగిపోయేవాడు.” హొగ్లా ముఖం వెలిగింది. ఆ రోజుల మాటెత్తితే ఆమె ఆకలి కూడా మర్చిపోతుంది. “దొరికాక శిక్షగా ఉన్ని మూటలు కట్టించేవాడు. ఆయన వేసే ముడి మా ఇద్దరికే వచ్చు. వీళ్ళకి ఎంత చెప్పినా చేతకాలేదు. నా వేళ్ళేమో వంగవు.”

“మీ తమ్ముడు వట్టి చేతులతో వస్తేనో?”

మాకీరు పకపకా నవ్వాడు.

“మా మావయ్య నీలా చిరుగుల బట్టలతో వస్తాడా? గుర్రమెక్కి వస్తాడు!”

హొగ్లా కూడా నవ్వేసింది. నవ్వకుండా ఉండాల్సింది.

ముసలాయన కుక్కల పక్కన చతికిలబడి రొట్టె, పెరుగు తిన్నాడు. ఊరికే తిని పోవడం బాగోదంటూ కాసేపు ఉన్ని మూటలు కట్టాడు. తర్వాత చేతికర్ర అందుకున్నాడు.

“వస్తానక్కా. ఆ రాయి అలాగే ఉంచు.”

“నీ నోటి చలవ వల్ల వాడొస్తే చాలయ్యా.”

పొద్దు వాలుతుండగా, ఉన్ని రాత్రంతా నానబెట్టడానికి మాకీరు మూటలు విప్పడం మొదలుపెట్టాడు. ఒకదాని దగ్గర ఆగిపోయి పళ్ళు నూరాడు.

“ఇదేం ముడే అమ్మా! లాగేకొద్దీ బిగుస్తోంది.”

“ఎవరు కట్టారు?”

“ఇందాకటి ముసలాడే.”

హొగ్లా వంగి చూసింది. ముడిని వేళ్ళతో తడిమింది. కాళ్ళలో సత్తువ లేకపోయినా దారికేసి పరుగెత్తింది.

“సెగూబూ! ఒరే సెగూబూ!”

దారి పొడుగునా మనిషన్నవాడు లేడు. గడ్డి మాత్రం ఊగుతోంది.

ఇన్నేళ్ళూ సెగూబు కోసం కాచిన రాయి మీంచి వాళ్ళు లేపేసింది సెగూబునే.