బోరు పక్కన ఆరో కడీ

“కడీని చేతితోటి పట్టుకోకు బిడ్డా.”

అంబిక చటుక్కున చెయ్యి తీసేసింది. చాంద్‌పాషా గడ్డపారతో జానెడు గుంత చేసి, కంచె స్తంభంగా పాతేందుకు తెచ్చిన ఇనుప కడీని అందులో నిలబెట్టాడు. దాని తల మీదుగా ఒక పైపును దించాడు. ఒకవైపు మూసేసి, రెండు పక్కలా పిడులు అతికించిన లావుపాటి ఇనుప పైపు అది. తాండూరులో వెల్డింగు షాపు ముందు కూర్చుని, దగ్గరుండి చేయించుకున్నాడట.

“సమ్మెట తేలేదా పాషా భాయ్?”

“సమ్మెటైతే ఒకలు పట్టాలె, ఒకలు కొట్టాలె. జారిందంటె పట్టినోళ్ల ఏళ్లు పోతయ్. గిదైతే ఎవ్వలు పట్టేదుండదు. లేపుడు, దించుడు. ఎక్కువ లేపొద్దు అంతే. కడీ మీంచి ఊడొస్తే తలకాయ మీదనే పడ్తది.”

ముసలాయన మళ్లీ పనిలో పడ్డాడు. తలెత్తి పైన కరెంటు తీగ ఉందా అని చూశాడు. బోరు పైపు భూమిలో ఎటు పోయిందో అడిగి, దాని మీద ముగ్గు గీత పోశాడు. బూట్లు వేసుకున్నాడు. పక్క సాలులో పగిలిన పత్తికాయలు రెండు తెంపాడు. ఒకదానితో కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అంబిక కడీల వరుస కోసం దారం చుట్ట విప్పి వచ్చేసరికి తల చుట్టూ రుమాలు బిగించి, పైన హెల్మెట్ పెట్టుకుంటున్నాడు.

“ఎడంగ నిలవడు. మధ్యల నాతోటి ముచ్చట పెట్టకు. ఆపాలంటె చెయ్యెత్తు, ఆపుత. లేకుంటె ఆగ.”

అంబిక తల ఊపింది.

ఆమె భర్త పరమేశ్ పోయి రెండేళ్లు. పక్క చేను అతని పెదనాన్న కొడుకు మల్లేశ్వర్‌ది. దున్నిన ప్రతిసారీ మల్లేశ్వర్ నాగలి రెండు చేల నడుమ గట్టును కాస్త ఇటు నెట్టేది. ఇప్పుడా గట్టు బోరుకు నాలుగడుగుల దూరంలో ఉంది. ఇంకొక్క దున్నకం అయితే బోరు అతని చేలో ఉంటుంది. బోరు పోతే పత్తి లేదు, పత్తి లేకపోతే ఈ ఊళ్లో అంబికకు పని లేదు. పోయిన నెల సర్వేయర్ వచ్చి హద్దురాళ్లు వేసి పోయాడు. కంచె పాతమంటే మాత్రం కోట్‌పల్లి చుట్టుపక్కల ఎవరూ రాలేదు. మల్లేశ్వర్ పేరు వినగానే అందరికీ వేరే పనులు గుర్తొచ్చాయి. తాండూరు నుంచి వచ్చిన ఈయన ఒక్కడే ఆ పేరు అడగలేదు.

ఐదు కడీలు దిగాయి. అప్పుడొచ్చింది ట్రాక్టర్.

“ఏయ్, ఆపు. ఎవల్నడిగి పాతుతున్నవ్?” మల్లేశ్వర్ దిగకుండానే అరిచాడు.

ఠంగుమంది పైపు.

“నిన్నేనయ్యా. ఏ ఊరు నీది?”

ఠంగ్.

“నేనెవలో ఎరుకనా? రేపు పొద్దుగాల గీ కడీలన్నీ ట్రాక్టర్‌కు కట్టి గుంజుత. నిన్ను, నీ పైపును తీస్కపోయి రోడ్డు మీద ఏస్త.”

ఠంగ్. చాంద్‌పాషా తల కూడా తిప్పలేదు.

ఊళ్లో మల్లేశ్వర్ దగ్గితేనే లేచి నిలబడతారు. ఈయనకు ఈగ వాలినట్టు కూడా లేదు. అంబిక కొంగు తల మీదికి లాక్కుని, రెండడుగులు ముందుకు వేసి మెల్లగా అంది.

“ఇయ్యాల్టికి సాలిద్దమా పాషా భాయ్?”

ముసలాయన పైపును మళ్లీ దించాడు. అదే జవాబు అనుకుంది అంబిక. అడిగినందుకు సిగ్గేసింది.

ఆరో కడీ బోరు పక్కన. చాంద్‌పాషా దాన్ని నిలబెట్టి, పైపు చేతుల్లోకి తీసుకున్నాడు. మల్లేశ్వర్ ట్రాక్టర్ దిగి విసవిసా వచ్చి కడీని నడుమ పట్టుకున్నాడు.

చాంద్‌పాషా ఆ చేతి వంక చూశాడు.

“చెయ్యి తియ్.”

కోపం లేదు. పొయ్యి దగ్గరికి పోయే పిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

“తియ్యకపోతే ఏం జేస్తవ్?”

ముసలాయన అంత బరువు పైపునూ రొమ్ము దగ్గర పట్టుకుని, ఆ వేళ్ల మీదే చూపు నిలిపి, అలాగే నిలబడ్డాడు. కాసేపటికి వేళ్లు వాటంతటవే వదులయ్యాయి.

మల్లేశ్వర్ అంబిక వైపు తిరిగాడు.

“నువ్వన్న చెప్పు వానికి. నువ్వు చెప్తె ఆపుతడు. చెప్పకుంటె ఇగ మా గడప తొక్కకు.”

చెయ్యెత్తితే చాలు. అంతటితో అయిపోతుంది. అంబిక కుడిచెయ్యి రొమ్ము దాకా లేచింది. అక్కడ కొంగు తగిలింది. ఆ కొంగునే పట్టి తల మీంచి లాగి, నడుముకు దోపుకుంది. చెయ్యి నడుము మీదే ఆగిపోయింది.

“చెప్ప బావా.”

పెళ్లయి పన్నెండేళ్లు. బావ ముందు ఆమె గొంతు లేవడం అదే మొదలు.

“నువ్వు నిలవడ్డది నా భూమిల. హద్దురాయి నీ ఎనక ఉన్నది, చూస్కో. జర అవుతలికి జరుగు, పని ఆగింది.”

మల్లేశ్వర్ ఏదో అనబోయాడు. పైపు దిగింది. ఆ మోతలో అతని మాట అతనికే వినపడలేదు. వెళ్లి ట్రాక్టర్ ఎక్కాడు.

“రేపొస్త. చూస్త నీ సంగతి.”

“రా. రేపు గూడ గీడనే ఉంట,” అంది అంబిక.

మధ్యాహ్నానికి ఆఖరి కడీ కూడా దిగింది. అంబిక నీళ్ల చెంబు పట్టుకుని ముసలాయన ఎదురుగా నిలబడింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

“నీ ధైర్యం జూసే నాకు నోరు లేసింది పాషా భాయ్. నువ్వు గట్ల ఎదురు నిలవడకుంటె ఆ బోరు నాది కాకపోతుండె.”

ఉండమన్నట్టు సైగ చేసి, చాంద్‌పాషా హెల్మెట్ తీశాడు. రుమాలు విప్పాడు.

రెండు చెవుల్లోంచి పత్తి ఉండలు తీసి, “ట్రాక్టర్ మీదొచ్చినాయన ఏమంటుండె బిడ్డా?” అన్నాడు.