పక్కతోట బాన

మద్రాసులో బొమ్మల చదువు ముగించుకొచ్చిన మావాడు, అనంతపురం టౌన్‌హాలులో ఒక గదంతా పాత సామానుతో కొత్త రకం బొమ్మలా పేర్చాడు. చూడడానికి జనం బారులు తీరారు. నా సంతోషం ఏమని చెప్పేది! ఎదురైన ప్రతి మనిషికీ "ఆ పిల్లోడు నా కొడుకే" అని చెప్పుకుంటూ లోపలికి పోయాను.

గోడల వెంట కిరసనాయిలు వీధిదీపాలు, జట్కా చక్రాలు ఉన్నాయి. గది నడుమ దూలానికి, ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల బాన వేలాడుతోంది. దాని తోలు ఎండకుండా మా పక్కతోట రహంతుల్లా చెంబుతో నీళ్లు చల్లుతున్నాడు. కారే చుక్కల కింద పిల్లలు చేతులు పడుతున్నారు.

ఆ బాన అతనిదే. నా ఒళ్లు మండిపోయింది. కొడుకును మూలకు లాగాను.

"కన్నతండ్రి బాన నీ కండ్లకు కనపడలేదేమిరా? ఆయప్పది అంతా అతుకులే. నాది ఎంత నున్నగా ఉండాది!"

వాడు నవ్వాడు. "రహంతుల్లా మామ బావిని బస్టాండు కోసం పూడ్చేసినారు గదా నాయనా. పని పోయిన సామానే ఈడ పెట్టినాను. మన బాన ఈ పొద్దు కూడా చెట్లకు నీళ్లు పెట్టింది."

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ మాట రహంతుల్లా చెవిన వేయాలనే అతని దగ్గరికి పోయాను.

నేను నోరు తెరవకముందే అతను చెంబు కింద పెట్టి, మెల్లగా అడిగాడు.

"అన్నా, రేపు మీ కపిల కాసేపు నన్ను తోలనిస్తావా? నీళ్లతో బరువెక్కిన మోకు పట్టుకొని ఏడాదయింది."