అద్దం మీద ఉమ్మి

మందమర్రి పక్కన, మూసేసిన బొగ్గుబాయి దగ్గర మధులిక రాత్రంతా గాలిని కొలుస్తోంది. మిషను వదిలిన లేజర్ కిరణం బాయి మూతి మీదుగా పోయి, అవతల నిలబెట్టిన అద్దాన్ని తాకి తిరిగొస్తుంది. ఆ దారిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో తెర మీద అంకె పడుతుంది.

అర్ధరాత్రి దాటినప్పటి నుంచి ఆ అంకె పెరుగుతోంది, తగ్గుతోంది. నాలుగు సెకన్లకోసారి, మనిషి ఊపిరిలా.

వాచ్‌మన్ వెంకటిని తెర ముందు కూర్చోబెట్టి, అద్దం మీద ఏమైనా పడిందేమోనని ఆమె గుడ్డ పట్టుకుని దాని దగ్గరికి వెళ్లింది. అద్దం నిండా గోధుమరంగు ఉమ్మి కారుతోంది. తుడిస్తే గుడ్డకు తీగలా సాగింది. ఇంకా వెచ్చగానే ఉంది. నమిలిన పొగాకు కంపు కొట్టింది.

"ఛీ! ఇక్కడ ఎవడు ఉమ్మిండు, వెంకటీ?" అని ఫోన్‌లో అరిచింది.

"మనం తప్ప ఎవ్వరు లేరు మేడం. నాకు తంబాకు అలవాటు లేదు. బాయిల బీడీ తాగనియ్యరని, గప్పట్ల లోపటికి దిగెటోళ్లు నమిలేది."

"నా ఊపిరే కిరణానికి తగులుతోందేమో, బిగబడుతున్న. అంకె ఆగిందేమో చూడు."

ఆమె పెదవులు బిగించి నిలబడింది.

"ఆగలే మేడం. మీరు ఊపిరి ఇడుస్తనే ఉన్నరు."

ఆమె విడవలేదు. పెదవుల మీద వెచ్చటి తుంపర పడింది. చేదుగా ఉంది.